ముల్లు పన్నెండు మీద

ఆదోనిలో గఫూర్ సాబ్‌కు తెలియని సంగతి లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, ఆయనే చెప్పుకునేవాడు. ఏళ్ళ తరబడి ఎమ్మిగనూరుకు నూలు బేళ్ళ లారీ తోలుతున్న మనిషి ముందు వేగం గురించి ఇంకొకరు నోరెత్తడమా! "నిన్న నలభైలో పోయినా" అనేవాడు. నలభై ఏమిటని ఎవరూ అడగరు. డ్రైవర్ల మాటల్లో వేగానికి అంకె ఉంటుంది గాని ఇంటిపేరు ఉండదు.

డెబ్భై ఎనిమిదిలో ఆయన మేనల్లుడు అబ్బాస్ అలీకి పోలీసు సెలక్షన్ పిలుపు వచ్చింది. అయిదు కిలోమీటర్లు ఇరవై అయిదు నిమిషాల్లో పరిగెత్తాలి. వయసు దాటిపోతోంది కాబట్టి అదే ఆఖరి అవకాశం. తప్పితే జిన్నింగు మిల్లులో బేళ్ళు మోసుకోవడమే.

గఫూర్ సాబ్ వేళ్ళ మీద లెక్క తేల్చాడు. "కిలోమీటరుకు అయిదు నిమిషాలు. అంటే గంటకు పన్నెండు. మీటర్లో ముల్లు పన్నెండు మీద పెట్టి నేను తోల్తా, నువ్వు ఎనకాల్నే రా. ఇరవై అయిదు నిమిషాలు లారీని ఇడవకుంటే నువ్వు పోలీసువే!"

లెక్క అక్షరాలా ఒప్పు. ఇక చూసుకోండి.

మొదటిరోజు, అదే సెలక్షన్‌కు పిలుపు వచ్చిన పక్కింటి ఇశ్రాయేలు కూడా వచ్చాడు. లారీ వెంట కాసేపు పరిగెత్తి, "నాకొద్దు సామీ ఈ పొగ" అని, చేలగట్ల మీద తన పాటికి తాను పరిగెత్తుకోవడానికి వెళ్ళిపోయాడు. అబ్బాస్ వెళ్ళలేదు. మామ మాట కదా! రోజూ తెల్లారేసరికి డీజిల్ పొగ మింగుతూ పరిగెత్తాడు. కొన్నాళ్ళకు సగం దాకా లారీని వదలకుండా వచ్చాడు, ఆ తర్వాత రోడ్డు పక్కన కూలబడి కక్కుకున్నాడు. గఫూర్ సాబ్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆడపిల్లోల్లు నయం కదరా!" అని ఎంతో చక్కగా ధైర్యం చెప్పాడు.

సెలక్షన్ ముందురోజు అబ్బాస్, "నా చేత కాదు మామా, పోయి నవ్వులపాలు కాలేను" అన్నాడు. పోలేదు. మిల్లులో చేరిపోయాడు.

వారానికి ఇశ్రాయేలు మిఠాయి పొట్లంతో వచ్చాడు. "నేను సెలెక్టయినా సాబ్! పరుగులో అందరికన్నా కడాకు వచ్చినా గాని టైములోనే వచ్చినా. మీ అబ్బాస్ వచ్చింటే అందరికన్నా ముందుండేటోడు."

లారీ వెంట కాసేపైనా నిలవలేనివాడు టైములో ఎట్లా వచ్చాడని గఫూర్ సాబ్‌కు అనుమానం పట్టుకుంది. మర్నాడు ఎమ్మిగనూరు రోడ్డు మీద ముల్లు పన్నెండు దగ్గర నిలిపి, గడియారం చూసుకుంటూ తోలాడు. కిలోమీటరు రాయి నుంచి రాయికి అయిదు నిమిషాలు పట్టాలి. మూడే పట్టింది. మళ్ళీ చూశాడు. మూడే.

సర్కారు రోడ్డు మీది మైలురాళ్ళు పీకి కిలోమీటరు రాళ్ళు పాతింది గాని, ఆయన పాత లారీలో మీటరు మార్చలేదు. అది మైళ్ళ మీటరు. దాని పన్నెండు అంటే కిలోమీటర్లలో పంతొమ్మిది. అంత వేగంతో కుర్రవాడు సగం దూరం పరిగెత్తాడన్నమాట!

లారీ నేరుగా మిల్లుకు పోనిచ్చాడు. ఒళ్ళంతా దూది అంటుకున్న అబ్బాస్ మామను చూసి తలవంచుకున్నాడు.

"నీ మర్యాద తీసినా మామా. నువ్వు అంత కష్టపడి నేర్పించినా నా కాళ్ళల్లో సత్తువ లేకపాయె. ఏమనుకోవద్దు."

గఫూర్ సాబ్ నోరు తెరిచాడు. వాడి మొహంలోకి చూశాడు. తర్వాత భుజం మీద చెయ్యేసి పెద్దమనసుతో క్షమించేశాడు.

"పోనీలేరా. సత్తువ అందరికీ యాడుంటాది."