ఉపన్యాసం చివర

"మిరపకాయల్లో గింజలు తీసినావా? పోయిన నెల గెస్టుకు కారం తగిలి కండ్లల్లో నీళ్లు వచ్చినాయి" అన్నాడు హరినాథ్, ఇస్త్రీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ. నలభై మిరపకాయలు చీల్చిన జయంతి వేళ్లు భగభగ మండుతున్నాయి. ఉగ్గానికి బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టాలి, బజ్జీలకు శనగపిండి కలపాలి. మేధావుల సంఘం నెలనెలా వాళ్ల ఇంటి ముందుగదిలోనే కూడుతుంది మరి.

ఈ సంఘంలో ఎవర్ని పడితే వాళ్లను చేర్చుకోరు. తెలివి పరీక్ష రాసి, నూటికి మొదటి ఇద్దరిలో ఒకరుగా నిలవాలి. రెండేళ్ల కిందట ఆ పరీక్ష పెట్టడానికి బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పదిమంది లేనిదే పెట్టరట, తొమ్మిదిమందే తేలారు. "నువ్వు గూడా కూర్చో, లెక్కకు" అని హరినాథే పెళ్లాన్ని వంటింట్లోంచి పిలుచుకొచ్చాడు. పొయ్యిమీద పప్పు ఏమైందో అనుకుంటూనే రాసింది. నెల తర్వాత ఫలితాలొచ్చాయి. ఆమె నెగ్గింది, ఆయన తప్పాడు. "గుడ్డి దెబ్బ" అన్నాడాయన. "అంత తెలివి ఉండేది పప్పెందుకు మాడబెడతాది?" అంది అత్త నాగలక్ష్మమ్మ.

సభ్యులు కానివాళ్లు సభ్యుల వెంట అతిథులుగా రావచ్చని సంఘం నియమం. ఆ లెక్కన హరినాథ్ తన పెళ్లాం అతిథి. అయితేనేం, స్వాగతం పలికేది ఆయన, శాలువా కప్పేది ఆయన, "మన సంఘం" అని ఛాతీ విరిచేది ఆయన. అసలు సభ్యురాలేమో బాణలి ముందు. ఒక నెల, వజ్రకరూరులో వాన పడితే వజ్రాలు ఎట్లా బయటపడతాయో ఒకాయన చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో నూనె కాగింది. ఇరవై ఉపన్యాసాల మొదళ్లు ఆమెకు తెలుసు, చివర ఒక్కదానిదీ తెలియదు. మిగతా సగం నెలంతా గిన్నెలు తోముతూ ఊహించుకునేది. ఊహించినకొద్దీ కాలు ఒకచోట నిలిచేది కాదు.

ఈ నెల గెస్టు హేమావతి. మడకశిర మనిషి, భూగర్భజలాల గురించి చదువుకుంది. ఒక బోరులో నీళ్లు పడి పక్క బోరు ఎందుకు ఎండుతుందో చెబుతుందట. అది తెలిసినప్పటి నుంచి జయంతి మనసు మనసులో లేదు. కుందుర్పి దగ్గర వాళ్ల నాయన ఏడు బోర్లు వేశాడు. ఏడింటిలోనూ దుమ్మే లేచింది. ఎందుకని అడిగితే "మన నుదుట రాసిందంతేమ్మా" అనేవాడు. ఆ దిగులుతోనే పోయాడు. ఈ ఒక్క ఉపన్యాసం చివరిదాకా వినాలి. ఇప్పుడు వినకపోతే ఇంకెవరు చెబుతారు?

హేమావతి తెరమీద బొమ్మలు చూపిస్తూ మొదలుపెట్టగానే జయంతి పొయ్యి ఆపేసి, చేతులు తుడుచుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. హరినాథ్ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఏమే, ఈడ కూర్చున్నావు? బజ్జీలు?"

"పిండి కలిపిపెట్టినా. మీరు పోయి వేయండి."

"నేను లేకుంటే సభ ఎట్లా జరుగుతాది?"

"జరుగుతాది. సభ్యురాలు ఈడే ఉండాది గదా" అంది, తెరమీదనుంచి కళ్లు తిప్పకుండా.

పక్కనున్న అధ్యక్షుడు భరత్‌కుమార్ గట్టిగా దగ్గాడు. చేసేది లేక హరినాథ్ లోపలికి పోయాడు. కాసేపటికి మాడు వాసన వచ్చింది, వెనకే అత్త గొణుగుడు వినిపించింది. అలవాటుపడ్డ కాళ్లు లేవబోయాయి. జయంతి కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"కొన్నిచోట్ల భూమిలోపల నల్లరాయి గోడలాగా అడ్డం పడి ఉంటుంది. పైనుంచి వచ్చే నీళ్లు దాన్ని దాటలేక ఎగువనే ఆగిపోతాయి" అని ముగించింది హేమావతి. ప్రశ్నలుంటే అడగమంది.

జయంతి లేచి ఏడు బోర్ల సంగతి చెప్పింది. మీ పొలంలో నల్లరాళ్ల గట్టు ఉందా అని హేమావతి అడిగింది. ఉంది. బోర్లన్నీ దానికి దిగువనే వేశారంది జయంతి.

"మరి ఎగువన ఎందుకు వేయలేదు?"

"ఆ పక్క మా అమ్మ చేను మేడం. పుట్టింటోళ్లు ఇచ్చినారు. నా చేన్లో ఒకటి వేసి చూడు అని మా అమ్మ ప్రతిసారీ చెప్పేది. పెండ్లాం చేన్లో నీళ్లు తాగి బతికే గతి నాకు పట్టలేదని మా నాయన వేయలేదు."

"చూడకుండా గట్టిగా చెప్పలేను. కానీ నీళ్లు ఆ పక్కే ఉండొచ్చమ్మా" అంది హేమావతి మెల్లగా.

జయంతికి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. నుదుటి రాత అంటే ఇదా అనుకుంది.

"ఆ చేను ఇప్పుడు నా పేరున ఉండాది మేడం" అంది. "ఎప్పుడు వస్తారో చెప్పండి. నేనే తీసుకపోతా."