అద్దాల గదికి పేడ అలుకు

నాలుగు దిక్కులా అద్దాలే పెట్టి సోలార్ కంపెనీ కట్టిన కొత్త ఆఫీసును చూసి ఊరంతా ముక్కున వేలేసుకుంది గానీ, నరసక్కకు మాత్రం మొదటి రోజునుంచే ఒళ్లుమంట. పావగడ ఎండలో అద్దాల ఇల్లు కట్టి, దాన్ని చల్లబరచడానికి పగలంతా ఏసీ వేసుకునేవాళ్లను ఏమనాలి? అయినా ఎవడి ఇల్లు వాడిష్టం అనుకుని ఊరుకుంది. తన పని సోలార్ పలకలు కడగడం. నాలుగెకరాలు కంపెనీకి గుత్తకిచ్చి, అదే చేలో ఇప్పుడు కూలికి పలకలు కడుగుతోంది.

కోడలు శిల్పశ్రీదీ అదే పని. కాన్పయిన మూడు నెలలకే మళ్లీ చేరింది. చంటిదాన్ని వెంట తెచ్చుకోవచ్చని కంపెనీవాళ్లు చెప్పినప్పుడు నరసక్క వాళ్లకు చేతులెత్తి దండం కూడా పెట్టింది. తీరా చూస్తే పాలిచ్చే గది ఆ అద్దాల ఆఫీసులోనే, అదీ వాకిలి పక్కన. కార్లలో వచ్చే పెద్దమనుషులకు మొదట కనబడేది అదే. ఆడకూలీలకు ఇన్ని వసతులిచ్చామని చూపించుకోవాలి గదా!

శిల్పశ్రీ అటు తిరిగి కూర్చుంటే అటూ అద్దమే. కొంగు కప్పితే బిడ్డ ఊపిరాడక గుక్కపట్టి ఏడుస్తుంది. బయట ఎవరో చూస్తున్నారన్న బెదురుకు పాలు చేపడమే మానేశాయి. పదిరోజుల్లో పసిది సగమైంది.

నరసక్క సూపర్‌వైజర్ మధుకుమార్ దగ్గరికి పోయింది. అతను తమ ఊరు మంగళవాడలో పక్కింటి ఓబక్క కొడుకే. ఊళ్లో "పెద్దమ్మా" అంటాడు, యూనిఫాం తొడిగితే "నరసక్కా" అంటాడు.

"ఒక దుప్పటి అడ్డం కట్టుకుంటాం మధూ."

"అట్ల కుదరదు నరసక్కా. అద్దాలకు ఏమీ కట్టగూడదని పైనుంచి ఆర్డరు ఉండాది. అయినా ఎవురు చూస్తారు? వచ్చేటోళ్లంతా చదువుకున్నోళ్లు."

చదువుకున్నవాళ్లే. మరుసటి రోజు వాళ్లలో ఒకాయన ఫోనెత్తి, పాలిస్తున్న శిల్పశ్రీని ఫోటో తీశాడు. సాయంత్రానికి అది కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద చప్పట్ల బొమ్మలతో. అక్కణ్ణుంచి ఊళ్లో ప్రతి మగవాడి జేబులోకీ తన కోడలి రొమ్ము! శిల్పశ్రీ ఆ పూట కూడు ముట్టలేదు.

"నేనింక రాను అత్తా."

"నువ్వు మానుకుంటే తప్పు నీదైతాది. రేపు బిడ్డనెత్తుకొని నా ఎంట రా."

తల దించుకోవలసింది తన కోడలా, వాళ్లా?

తెల్లవారి ఊళ్లో హొన్నూరప్ప పశువుల కొట్టంలో బకెట్టెడు పేడ ఎత్తి, ఎర్రమన్ను కలిపి పిసికింది. కోడలిని గదిలో కూర్చోబెట్టి, తను బయట నిలబడి, పండక్కి గోడ అలికినట్టే అద్దం అలకడం మొదలుపెట్టింది. నున్నటి అద్దం మీద మన్ను నిలవక జారిపోతుంటే బూతులు తిడుతూ ఇంకో పొర పట్టించింది.

మధుకుమార్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది నరసక్కా ఇది! ఈ పొద్దు డిల్లీ నుంచి పెద్దోళ్లు వస్తాండారు!"

పలకలు కడిగే ఆడవాళ్లు పదకొండు మంది అక్కడే ఉన్నారు. కడగండని వాళ్ల మీద అరిచాడు. ఒక్కరూ కదల్లేదు. వాళ్లలో కదిరమ్మ అయితే చేతిలోని వైపరును తీసి కింద పెట్టేసింది.

చివరికి దాన్ని మధుకుమారే అందుకున్నాడు.

"కడుగు నాయనా, కడుగు," అంది నరసక్క. "మీ అమ్మకు పాలు పడకుంటే ఆర్నెల్లు నీకు పాలిచ్చినదాన్ని నేను. మాదప్పుడు తలుపు లేని కొట్టం. అయినా మా అత్త వాకిట్లో నిలబడుకొని, నీ కడుపు నిండేదాకా కుక్కను గూడా లోపలికి రానీలేదు. ఇప్పుడు నువ్వు అద్దాలు తుడిచి నా కోడల్ని లోకానికంతా చూపిచ్చు!"

వైపరు పట్టిన చేయి గాలిలోనే ఆగిపోయింది. మధుకుమార్ ఆడవాళ్ల ముఖాలు చూశాడు. సిగ్గు కోపంగా మారడానికి ఎంతసేపు?

"రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు."

"రానులే," అంది నరసక్క, బకెట్టులోకి చేయి పెడుతూ. "ఇంకా రెండు పక్కలు మిగిలుండాయి. అవి గూడా అలికి పోతా."