ఫెర్రీ వీధి హమాలీలు

"అయిదో రకమా? ఎట్లా అయిద్దయ్యా?" అని అడిగింది హనోరా ట్వోమీ.

"నీ వెన్న నువ్వే తిని చెప్పు" అన్నాడు తనిఖీదారు, రుచి చూసిన వెన్నను పక్కకు ఉమ్మేసి.

కార్క్ నగరం ఫెర్రీ వీధి వెన్న మార్కెట్‌లో, రాతి స్తంభాల మధ్య, అందరూ చూస్తుండగా ఆమె రకం చూడటానికి పీపాలో గుచ్చిన ఇనుప చువ్వకు అంటిన తన వెన్నను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. "బాగానే ఉంది గదయ్యా" అంది. దళారులు పగలబడి నవ్వారు. మొగుడు పోయిన మనిషి. అయిదో రకానికి వచ్చే చిల్లరతో కౌలు తీరదు, కట్టకపోతే దొర మనుషులు ఇంటి పైకప్పు పీకేస్తారు. ఇక ఇంట్లో మిగిలింది ఒక్క వెన్న పీపా.

నవ్వినవాళ్లలో హమాలీ కాన్ లెహేన్ కూడా ఉన్నాడు. నవ్వకపోతే రేపు పనిలోకి పిలవరు. కానీ అతను చేసిన పాడుపని నవ్వు ఒక్కటే కాదు.

ఏ పీపా ఎవరిదో తనిఖీదారుకు తెలియకూడదు. ఆ మార్కెట్ గొప్పగా చెప్పుకునే నియమం అది. అందుకే పీపాలు తెచ్చి వరసపెట్టేది హమాలీలు. వెన్న ఎగుమతి చేసే హార్డింగ్ షావుకారుకు లొంగని ఇళ్ల పీపాలను మాత్రం, చుట్టూ బిగించిన కట్టు ముడి తనిఖీదారు వైపు ఉండేలా తిప్పి నిలబెట్టాలి. అంతే. ఆయన అడగడు, వీళ్లు చెప్పరు. ముడి చూసి ఆయన అయిదో రకమని గుర్తు గీసిన వెన్నను హార్డింగ్ చవగ్గా కొని మొదటి రకంగా ఓడెక్కిస్తాడు. ఆ పొద్దున హనోరా పీపాను తిప్పింది కాన్ చేతులే.

మధ్యాహ్నం పీపాలు బిగించే కొట్టం వెనక హమాలీలు ఉడకబెట్టిన దుంపలు తింటున్నారు. కాన్ తన దుంప పక్కన పెట్టేశాడు. సిగ్గుతో తల దించుకునే చెప్పేశాడు. "ఆమె పీపా తిప్పింది నేనేరా."

ముసలి బార్ట్ కొగ్లన్ అన్నాడు. "నువ్వొక్కడివే అనుకున్నావా? నేను మా అత్త పీపానే తిప్పా."

"నేనూ తిప్పా" అన్నాడొకడు. తర్వాత ఇంకొకడు. ప్రతివాడూ తానొక్కడే మురికని, పక్కవాడు కడిగిన ముత్యమని అనుకుంటూ ఇన్నాళ్లూ లాక్కొచ్చాడు. షావుకారుకు కావలసిందీ అదే.

"పని పోతే పిల్లలకేం పెడతార్రా, సిగ్గు ఉడకబెట్టి పెడతారా?" అన్నాడు మూలనున్నవాడు.

"ఒక్కడు ఆపితే పని పోద్ది. అందరం ఆపితే పీపాలు షావుకారు మోస్తాడా?" అన్నాడు బార్ట్. "అన్ని ముళ్లూ ఒకేవైపు పెడదాం."

"అది చాలదు మావా. ఆడోళ్లకి చెప్పాలి" అన్నాడు కాన్.

"చెప్తే కొడతారు."

"కొట్టనీ."

మరుసటి సంతనాడు పీపాలన్నీ ముడి ముందుకు పెట్టి నిలబడ్డాయి. తనిఖీదారు చువ్వ పట్టుకుని గుడ్లప్పగించాడు. హార్డింగ్‌కు ఒళ్లు మండిపోయింది. ఎక్కడున్నాడో మరిచిపోయి గట్టిగా అరిచాడు. "ట్వోమీ వాళ్లది ఏదిరా ఇందులో?"

ఆ మార్కెట్‌లో ఎవరూ నోరెత్తి అడగకూడని మాట అది. రైతులంతా తిరిగి చూశారు.

"చెప్పం. ఇన్నాళ్లూ చెప్పిన సంగతి మాత్రం చెప్తాం" అన్నాడు కాన్. ఆడవాళ్ల వైపు తిరిగి, ముడి సంగతంతా చెప్పాడు. వెనక హమాలీలు ఒక్కొక్కరే "నేనూ" అంటూ ముందుకొచ్చారు.

హనోరా దగ్గరకొచ్చింది. "మా ఆయన ఉన్నప్పుడు కూడానా?"

"అవునమ్మా."

"నా చేతికి వెన్న తీయడం రాదని తిట్టుకుంటానే పోయాడాయన. నేనూ నిజమే అనుకున్నా."

ఆమె కొట్టి ఉంటే బాగుండేదనిపించింది కాన్‌కు.

హార్డింగ్ కబురుతో పోలీసులు వచ్చి, అల్లరి చేశాడంటూ కాన్ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. అతను పెనుగులాడలేదు. మార్కెట్ గుమ్మం దగ్గర హనోరా అడ్డం నిలబడింది. ఆమె పక్కన ఇంకో ఆడమనిషి, ఆ పక్కన రైతులు, హమాలీలు. గుమ్మం మూసుకుపోయింది.

"తప్పుకో. నీ కొంప ముంచినోడు వీడే గదా" అన్నాడు పోలీసు.

"ముంచాడు. వీణ్ణి నేను క్షమించను" అంది హనోరా. "కానీ వీడు మీ దొంగ కాదు, మా దొంగ. వీడి సంగతి మేం చూసుకుంటాం. మీ దొంగ అదిగో, ఆ షావుకారు. వాణ్ణి పట్టుకునేదాకా ఒక్క పీపా రేవుకు పోదు."