చదవని సంతకాలు

“వద్దని మొన్న చెప్పాను, నిన్నా చెప్పాను. అయినా అప్‌గ్రేడ్ నొక్కేశారు,” అంటూ ఆమె స్మార్ట్ కార్డును రీడర్‌లోంచి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ దూర్చింది. రీడర్ లైటు వెలగలేదు.

“నొక్కేదాకా ఆ కంప్యూటర్ నా ప్రాణం తీసింది మరి!” గుమ్మంలో నిలబడి, నోట్లో బ్రష్షుతోనే అన్నాడు భర్త.

“పాత రీడర్లు కొత్త సిస్టంలో పనిచెయ్యవని ఆ తెర మీదే ఉందిగా. చదివితేగా!”

“నీలాగా అన్నీ చదువుతూ కూర్చుంటే ఈ జన్మ చాలదు.”

లోపల్నుంచి తోటికోడలు నవ్వింది. “కొరియర్ వాడొచ్చినా కళ్ళజోడు వెతుక్కునిగానీ సంతకం పెట్టదు మా చెల్లెలు.”

ఇంట్లో అందరికీ అలవాటైన హాస్యమే. ఆమె కూడా రోజూ నవ్వేది. ఆఫీసుగా వాడే ముందు గదికి బావగారి పేరున బోర్డుంది, దుకాణదారులతో మాట్లాడేది బావగారే. పరీక్ష పాసై, పన్ను లెక్కల మీద సంతకం పెట్టే హక్కు తెచ్చుకున్నది మాత్రం ఆమె. కార్డు రీడర్‌లో పెట్టి, పిన్ కొడితే సంతకం పడుతుంది. అది పడితే ఆ కాగితంలో ప్రతి అంకెకూ ఆమే జవాబుదారి. అందుకే ప్రతి పేజీ మీద స్కేలు పెట్టి, వరస వరసా జరుపుకుంటూ చదివేది. బిల్లులు లేని లెక్క వస్తే నోరెత్తకుండా వెనక్కి నెట్టేది. రెండు నెలల క్రితం ఫర్నిచర్ దుకాణం లెక్కలు అలాగే నెట్టేసింది. బావగారు ముఖం ముడుచుకున్నారుగానీ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని ఆమె మర్యాద అనుకుంది.

పదింటికి కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. బల్ల కిందికి దూరి, వైర్లు పీకి, మళ్ళీ పెట్టి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు.

“లాభం లేదు మేడం. ఈ రీడర్‌కి కొత్త సిస్టంలో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరకదు. దీన్ని పక్కన పడెయ్యండి. పైగదిలో కొత్తది పెట్టాగా, అది తెచ్చి తగిలించుకోండి.”

“పైగదిలోనా?”

“పెద్దాయన లాప్‌టాప్‌కి పోయిన నెలేగా పెట్టాను. మీరు ఊళ్ళో లేరప్పుడు. మీ కార్డుతోనే చూశాం, చక్కగా తీసుకుంది. మూడుసార్లు తప్పు పిన్ కొడితే కార్డు లాకైపోతుంది, జాగ్రత్త సార్ అని నేను భయపడుతుంటే, ఆయన ఒక్కసారికే కొట్టేశారు!”

అతను అదేదో బావగారి ఘనతన్నట్టు నవ్వాడు. ఆమె అతనికి మంచినీళ్ళిచ్చింది.

పిన్ ఆమె ఒక్కరికే చెప్పింది, అదీ ఒక్కసారే. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ మీదినుంచి భర్త మెడ పట్టుకుని వంచి, చెవిలో చెప్పింది. తనకేమైనా అయితే పని ఆగకూడదని. అప్పుడాయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు చూసే ధైర్యంగా కళ్ళు మూసుకుంది.

భోజనానికి వచ్చినప్పుడు అడిగింది. “పిన్ బావగారికి చెప్పారా?”

ఆయన షర్టు గుండీ విప్పుకుంటూ ఆగాడు. “అన్నయ్య అడిగాడు. కాదనగలనా?”

“ఫర్నిచర్ వాళ్ళ లెక్కల మీదా నా సంతకం పెట్టేశారా?”

“వాళ్ళు వేరేచోటికి పోతామన్నారట. ఇంటికోసమే కదా ఇదంతా! నువ్వేమో పట్టిన పట్టు వదలవు.”

“నా పేరండీ అది.”

“నీ పేరు, నా పేరు అని విడిగా ఉన్నాయా మనకి?”

తప్పు చేశానన్న జంకు ఆ ముఖంలో వెతికింది. ఆకలే కనిపించింది. వడ్డించింది.

మధ్యాహ్నమంతా ముందు గది తలుపు వేసే ఉంది. తోటికోడలు రెండుసార్లు టీ తెచ్చి, లోపల ఆమె ఫోన్లో మాట్లాడుతున్న మాట విని తిరిగి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర బావగారే మొదలుపెట్టారు. “రీడర్ సంగతేమైందమ్మా? రేపు సాయంత్రంలోపు పంపాల్సినవి బోలెడున్నాయి.”

“కొత్తది పైన ఉందటగా బావగారూ.”

తోటికోడలు చేతిలో గరిటె ఆగింది. భర్త కంచంలోకి చూస్తూ ముద్ద కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే మళ్ళీ కలుపుతూ.

“కార్డు రద్దు చేయించాను. కార్డు ఇచ్చినవాళ్ళు కారణమేమిటని అడిగారు. పోయిందని చెప్పాను,” అంది ఆమె, కూర గిన్నె బావగారి వైపు జరుపుతూ. “రేపు పొద్దున్నే పన్నుల ఆఫీసుకి వెళ్తున్నాను. నేను చదవనివాటి మీద పడ్డ సంతకాలు నావి కావని రాసిస్తాను. కొత్త కార్డు వచ్చాక వేరేచోట పని చూసుకుంటాను.”

ఆమె చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది.

ముందు గదిలో ఆమె కుర్చీకి, రోజూ పనిలో వేసుకునే స్వెటరు వేలాడుతూనే ఉంది, బల్లకి ఒరుసుకుని ఒరుసుకుని మోచేతుల దగ్గర పలచబడిపోయి.