వియ్యంకుడిచ్చిన పట్టర్

ఆదివారం వస్తోందంటే చంద్రరావుకి శుక్రవారం నుంచే నడుం పట్టేసేది. ఆత్రేయపురం దగ్గర ఆయనకు కొబ్బరితోటా అరటితోటా ఉన్నాయి. వాటి చాకిరీ అంతా ఒక ఎత్తు, భీమవరం వెళ్ళి వియ్యంకుడు ఉదయభాస్కర్‌తో గోల్ఫ్ ఆడటం ఒక ఎత్తు.

గోల్ఫంటే పూర్తి గోల్ఫేం కాదు. అంత నేల డెల్టాలో ఆటకి వదిలేదెవరు? ఉదయభాస్కర్ తన ఐసు ఫ్యాక్టరీ వెనక ఉన్న పాత చేపల చెరువు పూడ్పించి, మీద గడ్డి పెంచి, గుంటలు తీయించాడు. ఆటలో ఆఖరి పని, బంతిని నెమ్మదిగా గుంటలోకి దొర్లించడం, అదొక్కటే అక్కడి ఆట. అందుకు వాడే కర్ర పేరు పట్టర్. దసరాకి ఆయన తనకొకటి, చంద్రరావుకి అచ్చం అలాంటిదే ఇంకొకటి తెప్పించాడు.

"మనిద్దరికీ జోడీ అండి బావగారూ," అన్నాడు.

ఆ జోడీయే కొంప ముంచింది. బారెడు దూరంలో గుంట ఉన్నా చంద్రరావు బంతి అందులో పడదు. పక్కనుంచి జారి పోతుంది. "మా బావగారి బంతికి గుంటంటే మొహమాటమండీ," అని ఉదయభాస్కర్ భోజనాల దగ్గర పదిమందిలో అంటాడు. అందరూ నవ్వుతారు. వడ్డించేది చంద్రరావు కూతురు హేమశ్రీ. ఆ పిల్ల మొహం వైపు చూడలేక ఆయన పప్పులోనే చూపు నిలిపేవాడు.

"మానేస్తే పోలా?" అంది భార్య లక్ష్మీదుర్గ.

"పిల్లనిచ్చిన వాళ్ళం. పిలిస్తే వెళ్ళకపోతే ఎలా?"

"పోనీ కర్ర మార్చండి."

"ఆయనిచ్చిన కర్ర నాకు పనికిరాలేదని ఆయనతోనే చెప్పమంటావా? నేను చక్కా ఇంటికొచ్చేస్తాను. ఆ మాట తాలూకు ములుకులు రోజూ పడాల్సింది అమ్మాయి."



ఆ నెలలోనే చంద్రరావు చుట్టాల గృహప్రవేశానికి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఆటసామాన్ల కొట్టొకటి కనపడితే, కాళ్ళు వాటంతటవే లోపలికి నడిచాయి. కొట్టు యజమానురాలు శ్రీదుర్గ ఆయన గోడు అంతా విని, "మీకు గురి చూసే కన్ను ఏదండీ?" అని అడిగింది.

"కుడికన్నేనమ్మా. గట్టు వంకర చూడాలన్నా, తాడు సూటిగా ఉందో లేదో చూడాలన్నా ఎడంకన్ను మూసే చూస్తాం మేం. మా నాన్నా అంతే."

"అది అలవాటండి. రెండు చేతులూ చాపి, అరచేతుల మధ్య చిన్న సందు పెట్టండి. రెండు కళ్ళతో ఆ సందులోంచి గోడ గడియారం చూడండి. ఇప్పుడు కుడికన్ను మూయండి."

గడియారం సందులోనే ఉంది.

"ఇప్పుడది తెరిచి, ఎడంది మూయండి."

గడియారం మాయమైంది. చంద్రరావు మళ్ళీ చూశాడు. మళ్ళీ మాయమైంది. ఇన్నేళ్ళూ గట్లు చూసిన కన్ను అసలు కన్ను కాదన్నమాట.

ఉదయభాస్కర్ ఇచ్చిన పట్టర్‌కి, బంతిని కొట్టే తలకాయ కర్రకి అతికే మెడ దగ్గర వంపుంటుంది. ఆమె వంపులేనిదొకటి, కర్ర నేరుగా తలకాయ మధ్యలోకి దిగినది, చేతికిచ్చింది. "ఎడంకన్ను వాళ్ళలో కొందరికి ఇది సూటిగా కనపడుతుందండి. అందరికీ అని చెప్పను. కొట్టి చూసుకోండి."

కొట్టాడు. కొట్టులో పరిచిన పచ్చచాప మీద బంతి బుద్ధిగా వెళ్ళి గుంటలో పడింది. ఇంకోటి కొట్టాడు. అదీ పడింది. కొనేశాడు.

మరుసటి ఆదివారం పూతరేకుల పెట్టె ఒక చేత్తో, కొత్త పట్టర్ ఇంకో చేత్తో పట్టుకుని దిగాడు. పాతది మెడ వదులైందని, బాగుచేయడానికిచ్చానని చెబుదామని దారంతా వల్లె వేసుకున్నాడు. ఉదయభాస్కర్ అసలేం అడగలేదు. చంద్రరావు వరసగా బంతులు వేస్తుంటే, ఆ పట్టర్ అందుకుని తనూ ఒకటి కొట్టాడు. పడింది. ఇంకొకటి కొట్టాడు. పడింది.

"భలే ఉందండీ బావగారూ! ఇది నా దగ్గర ఉంచెయ్యండి. మీరు నాది పట్టుకెళ్ళండి."

చంద్రరావు నోరు ఆయన్ని అడక్కుండానే, "దానికేముందండి," అనేసింది. ఒళ్ళంతా ఒక్కసారి నీరసం ముంచుకొచ్చింది. మళ్ళీ ఆ వంపు మెడ, మళ్ళీ ఆ నవ్వులు.

మజ్జిగ గ్లాసులు తెచ్చిన హేమశ్రీ ఆగింది. "కొత్తది ఎందుకు కొన్నావు నాన్నా?"

"ఏం లేదమ్మా."

"ఊరికే కొంటావా నువ్వు?"

ఇక అబద్ధమాడే ఓపిక ఆయనకు లేదు. కన్ను సంగతి, గడియారం సంగతి చెప్పేశాడు.

"మరి నీ కంటికి సరిపోయింది ఇచ్చేస్తావేంటి?" అంది హేమశ్రీ. చంద్రరావు ఊరుకోమని కళ్ళతో బతిమాలాడు. ఆమె మామగారి వైపు తిరిగింది. "మామయ్యగారూ, అది నాన్నదండి. మీకు కావాలంటే ఇంకోటి తెప్పించుకోండి." ఆయన చేతిలోంచి పట్టర్ తీసుకుని తండ్రికిచ్చింది.



ఉదయభాస్కర్ మజ్జిగ తాగి, మీసం తుడుచుకున్నాడు. "చూశారా బావగారూ, రోజూ ఇంతేనండి ఈ పిల్ల. మొన్న ఇదే మా ఆవిడ వంటింట్లో ఫ్రిజ్ జరిపించేసింది. నిన్న నా మంచం తూర్పుకి తిప్పించింది. నేను కిమ్మన్నానా?"

"మంచం తిప్పాక నిద్ర పడుతోందన్నారు కదండీ మీరే," అంది హేమశ్రీ.

"పడుతోందిలేవే. ఇంతకీ ఆ కొట్టెక్కడ బావగారూ?"

చంద్రరావు చెప్పాడు. ఏ మాట ఈ పిల్ల మీద పడుతుందోనని ఇన్ని ఆదివారాలు నడుం నొప్పి మోశాడు. ఆ పిల్లేమో గ్లాసులు సర్దుకుంటోంది, పుట్టింట్లో సర్దుకున్నట్టే.

"రండి, ఇంకో ఆట వేద్దాం," అన్నాడు ఉదయభాస్కర్.

"ఇవాళ ఓపిక లేదండి బావగారూ. కాసేపు పడుకుంటాను."

ఆ ఇంట్లో ఆయన కాదన్న మొదటి మాట అది. ఉదయభాస్కర్ "అలాగేనండి" అని ఒక్కడే బంతి దొర్లించుకోసాగాడు. చంద్రరావు వరండాలో నవారు మంచం మీద నడుం వాల్చాడు. నిద్రపోనివ్వమని హేమశ్రీ చెప్పడంతో భోజనాలకి కూడా ఎవరూ లేపలేదు.