కోడి వాసన కొట్టిన డోలు

నా కొట్టు ముందు జనం మూగే వేళకి ఆ పిల్ల వచ్చి, పుల్లలకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు అడక్కుండా, డోలు మూతలు సెగ పెట్టుకుంటానంది.

"నా పొయ్యి మీద కోళ్ళే కాలతాయి. డోళ్ళు కాదు, పో!" అన్నాను.

"కాల్చడం కాదు కుమే పిన్నీ, కాచడం. ఇవాళ నేను వాయించే హాల్లో నిప్పు పెట్టనివ్వరట. అగ్గిపుల్ల గీసినా గంటలు మోగుతాయట!" అంటూ నాగిసా వానలోనే నడుము విరిగేలా వంగింది. రెండు జతల తోలు మూతలు మాత్రం చంకలో భద్రంగా ఉన్నాయి.

అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని మా కనజావా వాళ్ళ మాట. ఆ రోజూ పొద్దుట్నుంచి ముసురే. నాగిసా వాయించే ఓకవాకి తడి గిట్టదు. ఎడమ తొడ మీద పెట్టుకుని కుడి చేత్తో కొట్టే ఆ నోహ్ నాటకాల డోలు, మూతలు బాగా కాగితేనే రాయి పగిలినట్టు "కాన్!" అంటుంది. చల్లారితే తడి చాపను తట్టినట్టే ఉంటుంది.

పైగా ఆ డోలు ఆమెది కాదు, తొగాషి గురువుగారు అరువిచ్చింది. శిష్యురాలు ఊళ్ళో బాకాల బ్యాండుతో కలిసి వాయిస్తానంటే ఆ ముసలాయన అరవలేదు, తిట్టలేదు. "వచ్చి కూర్చుంటా. అయిపోయేలోగా నేను లేచానంటే డోలు తెచ్చి నా ముందు పెట్టెయ్" అన్నాడట.

"ఇంకోటి కొనుక్కోరాదూ?" అన్నాను.

"దానికి నా చెయ్యి తెలుసు పిన్నీ" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పొయ్యి సగం ఖాళీ చేసిచ్చాను.

ఒక జత కాగగానే పట్టుకుని ఎదురుగా ఉన్న హాలుకి పరుగెత్తింది. "రెండో జత మధ్యలో తెచ్చివ్వు పిన్నీ! కోళ్ళకి పూసే పులుసు మాత్రం పడనివ్వకు!"

"నాకు చెప్తావా?" అన్నాను. కానీ బొగ్గుల మీద ఏదన్నా కనిపిస్తే నా చెయ్యి నా మాట వినదు. ఒకడు కాలేయం పుల్లలడిగాడు, ఇంకొకడు ఉప్పు తక్కువన్నాడు, వాడి మీద విరుచుకుపడుతూనే కుంచె ముంచి వరసంతా తీపి సోయా పులుసు పూసేశాను. చివర్న ఉన్నది కోడి కాదు. అదృష్టం బాగుండి పడ్డది అంచు మీదే. గబగబా తుడిచాను. పులుసు పోయింది, వాసన పోలేదు.

తువ్వాల్లో చుట్టి, గొడుగు పట్టుకుని హాల్లో అడుగుపెట్టేసరికి బ్యాండు మొదలై ఎంతో సేపు కాలేదు. మేయరుగారి ఉపన్యాసం అంత పొడుగు సాగిందట. ఆ పాటికి మొదటి జత చల్లారిపోయింది.

వీళ్ళ సాధనలకి అన్నం డబ్బాలు నేనే మోశాను గనుక ఈ సంగీతం సంగతి నాకు తెలుసు. మొదట్లో బ్యాండు నడిపే హిబినో పుల్ల ఊపితే నాగిసా అటు చూడనైనా చూడలేదు. "ఇయోఓఓ" అని గొంతు సాగదీసి, ఊపిరి పండాకే కొట్టింది. బాకాలేమో ముందే పరుగెత్తి చతికిలబడ్డాయి.

"నా పుల్ల చూడండి మేడమ్!"

"మీరు నా ఊపిరి వినండి సార్!"

అలా పిల్లీ ఎలుకల్లా పోట్లాడుకుని, చివరికి ఆయనే పుల్ల దించి ఆమె భుజం చూడ్డం నేర్చుకున్నాడు. ఆ తర్వాత బాకాలు, పిల్లనగ్రోవులు ఊపిరి బిగబట్టి ఆగి, ఆమె దెబ్బ పడగానే ఒక్కసారిగా విరుచుకుపడుతుంటే నా చేతిలో డబ్బాలు కూడా గెంతేవి.

ఇప్పుడు మాత్రం "ఇయోఓఓ" అంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. చెయ్యి పడింది. "డబ్." ఎవరో కిసుక్కున నవ్వారు. నోహ్‌లో వాయించేవాళ్ళ వెనక ఒక పెద్దదిక్కు కూర్చుంటుంది, ఏదన్నా అయితే అందుకోవడానికి. నాగిసా వెనక ఆ చోటు ఖాళీ. బాకాలతో వాయించేదాని వెనక ఎవరు కూర్చుంటారు?

నేను నడవలో పరుగు లంకించుకున్నాను. వెంట కోడి వాసన. వరస వరసా తలలు తిప్పి చూసింది, ఎవరి కడుపో గుర్రుమంది. సరిగ్గా అప్పుడే ముందు వరసలో తొగాషి గురువుగారు లేచారు.

నాగిసా చూసింది. మొహం పాలిపోయింది. నాకు కూడా ఏడుపొచ్చింది, ఒప్పుకుంటాను.

ఆయన తలుపు వైపు తిరగలేదు. తెల్ల మేజోళ్ళతో వేదిక మెట్లెక్కి, ఆమె వెనక ఆ ఖాళీ చోట్లో మోకాళ్ళ మీద కూర్చుని నా వైపు చెయ్యి చాపారు. తువ్వాలు విప్పి వాసన చూశారు, నన్ను చూశారు.

"పులుసా?"

"అంచు మీదేనండీ..."

"హు!" అని పాత మూతలు ఊడదీసి, కొత్తవి పెట్టి, తాళ్ళు లాగడం మొదలెట్టారు. ఒక కొస నాగిసా పట్టింది, ఒక కొస ఆయన. పాపం హిబినో! ఆగలేక, ముందుకు పోలేక, అదే ముక్క తిప్పి తిప్పి వాయింపించాడు. బాకాల వాళ్ళ మొహాలు ఉడికిన పీతలయ్యాయి. జనం చప్పట్లతో దరువు అందుకున్నారు, మేయరుగారితో సహా.

"ఇయోఓఓ..." కాన్!

గాజు కిటికీలు అదిరాయి. బాకాలు తెగించి లేచాయి. జనం కూడా "ఇయోఓఓ" అని ఎత్తుకున్నారు. అందరికన్నా పెద్దగా అరిచింది నేనే, సిగ్గేమిటి?

అంతా అయ్యాక నాగిసా డోలును రెండు చేతులా తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీరు లేచారు గురువుగారూ."

"లేచాను. మాట మాటే." ఆయన డోలు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయి నోరు తెరవబోయాను.

"నేను అరువిచ్చింది నాకొచ్చేసింది" అని, మళ్ళీ దాన్ని ఆమె చేతుల్లో పెట్టారు. "ఇది అరువు కాదు. ఇక అడగను."

పిల్ల బావురుమంది. నేను తిట్టలేకపోయాను, నా మొహం కూడా తడిగానే ఉంది మరి.

ఆయన మాత్రం వేళ్ళు వాసన చూసుకుంటూ నా వైపు తిరిగారు. "ఏమ్మా, పొయ్యిలో నిప్పుందా? ఆకలేస్తోంది. ఆ బాకాల వాళ్ళనీ రమ్మను."