ఖాదర్ వలి ఒంటి చక్రం

తిరగేసిన ఫోర్కులో చక్రం గిర్రున తిరుగుతుంటే ఖాదర్ వలి బొటనవేలి గోరు రిమ్ముకి ఆనించి కూర్చున్నాడు. వంకర ఉన్నచోట రిమ్ము గోటికి తగిలి టిక్కుమంటుంది. అప్పుడు చక్రాన్ని ఆపి అక్కడి స్పోకు కాస్త బిగిస్తాడు, ఎదుటిది కాస్త వదులు చేస్తాడు, మళ్ళీ తిప్పుతాడు. టిక్కులు తగ్గి తగ్గి చివరికి చక్రం చప్పుడు లేకుండా తిరిగిందంటే పని అయినట్టు. మాచర్లలో రాళ్ళవీధి ఎగువన, బ్రహ్మయ్య సైకిలు షాపులో, అతను పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్న పని ఇదే. ఇంకో పని రాదు. నేర్చుకుందామని అనుకోనూ లేదు.

ఊళ్ళో సగం సైకిళ్ళు అతని గోటి కింద తిరిగినవే. అతను మాత్రం సైకిలు తొక్కలేడు. చిన్నప్పుడు నాపరాళ్ళ బండి చక్రం ఎడమ మోకాలి మీదుగా పోయింది. ఎముక అతుక్కుంది గానీ మోకాలు వంగడం మానేసింది. కాలు కూడా రెండు వేళ్ళ మేర పొట్టిదై ఊరుకుంది. వంగని మోకాలితో పెడలు తిప్పడమెట్లా? పోనీ క్యారేజీ మీద కూర్చుందామంటే ఆ కాలు వీధికి అడ్డంగా గేటులా చాచుకుని, ఎదురొచ్చిన వాళ్ళందరి చేతా తిట్లు తినిపిస్తుంది.

అందుకని రోజూ సాయంత్రం షాపు కట్టేశాక, బ్రహ్మయ్య సైకిలు వెనక ఇరుసుకి రెండు పక్కలా ఉండే స్టెప్పుల మీద నిలబడి, బ్రహ్మయ్య భుజాలు పట్టుకుని, వీధి దిగువన ఉన్న ఇంటికి పోతాడు. యజమాని పనివాణ్ణి మోసుకుపోవడం వింతే. కానీ ఇద్దరూ ఒకే రోజు బడి మానేసిన వాళ్ళు. వాళ్ళలో యజమాని ఎవరో ఊళ్ళోవాళ్ళకి గుర్తుండాలి గానీ వాళ్ళకి గుర్తుండదు.

అట్లా నిలబడి పోతుండగానే ఆ ఆలోచన పుట్టింది. తను నిలబడేది ఇరుసు మీద. మోసేది వెనక చక్రం. సీటుతో తనకి పనిలేదు, పెడళ్ళతో అంతకంటే లేదు. మరి మిగతా సైకిలంతా ఎందుకు? ఒక్క చక్రం, కాళ్ళు పెట్టుకోవడానికి ఇరుసుకి అటూ ఇటూ రెండు రేకులు చాలవా? వీధి ఎలాగూ పల్లమే.

ఈ మాట వినగానే బ్రహ్మయ్య, "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట నీబోటోడే," అన్నాడు.

"తొక్కేదేం లేదు గదరా, నిలబడటమే. ఒక్కసారన్నా నా అంతట నేను ఇంటికి పోవాల. ఎట్టుంటదో చూడాల."

"ఇన్నాళ్ళూ నేను తీసకపోతంటే పోలేదా? నా భుజాలేం పాపం చేసినయిరా?"

అసలు సంగతి చెప్పడానికి ఖాదర్ వలికి సిగ్గేసింది. బ్రహ్మయ్య పొడుగు మనిషి, పైగా తలపాగా. ఇన్నేళ్ళలో ఆ తలపాగా వెనకభాగం తప్ప, తను పోయే దారి ఎదురుగా ఎట్లా కనిపిస్తుందో అతను ఎరగడు. అది చూడాలని ఉంది, అంతే.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ చూసి, పని మొదలుపెట్టాడు. పాత క్యారేజీల ఇనప పట్టీలు వంచి ఇరుసుకి వేలాడదీశాడు. వాటి అడుగున అరికాలు పట్టేంత రేకులు బిగించాడు. ఇరుసు మీదే నిలబడితే మనిషి తూలతాడు, కాస్త కిందికి దిగి నిలబడితే తక్కెడ పళ్ళెంలో ఉన్నట్టు కుదురుగా ఉంటుందని అతని లెక్క. ఇక తేలాల్సిందల్లా ఏ చక్రం అన్నదే.

పెద్దదైతే గౌరవంగా ఉంటుందని మొదట ఇరవై ఎనిమిది అంగుళాలది తీశాడు, పోస్టుమాన్ సైకిలుకుండేది. గోడ పట్టుకుని ఎక్కేసరికి టైరు మోకాళ్ళు దాటి పైకొచ్చింది. కాళ్ళు ఎడంగా పెట్టాల్సి వచ్చింది, లుంగీ టైరుకి చుట్టుకుంది, వంగని కాలికి ఎక్కడా చోటు దొరకలేదు. గోడ వదలకుండానే దిగిపోయాడు.

తర్వాత ఇరవై, పిల్లలకి అద్దెకిచ్చే సైకిలుది. ఇది ముచ్చటగా ఉంది. నేల దగ్గర, భయం తక్కువ. ఖాదర్ వలి గోడ వదిలాడు. చక్రం ఒక నాపబండ దాటింది, రెండో బండకీ మూడో బండకీ మధ్య సందులో పడి ఆగింది. చక్రం ఆగింది గానీ ఖాదర్ వలి ఆగలేదు.

అతను అరచేతులు ఊదుకుంటూ లేచేసరికి ఎదురుగా అన్నం క్యారేజీతో పెళ్ళాం జీనత్ నిలబడి ఉంది.

"ఉన్న ఒక్క కాలూ ఇరగ్గొట్టుకుంటే నిన్నెవరు మొయ్యాలయ్యా? బ్రహ్మయ్యన్న డోలీ కట్టాల్నా?" అంది. కోపంగానే అంది గానీ, చక్రాన్ని చూడకుండా ఉండలేకపోయింది. వంగి ఒకసారి తిప్పింది. "ఈ బండల మీద ఇంత చిన్న చక్రమా? మా నాయన బండికి అంతంత చక్రాలు ఎందుకున్నయ్యనుకున్నావు? చిన్న చక్రం సందులో పడితే ఎద్దులు గూడా లాగలేవు."

"మరి పెద్దది కాళ్ళకి అడ్డమొస్తంది గదే."

"నన్నడుగుతావేంది? నేను వద్దంటన్నా," అని క్యారేజీ అక్కడ పెట్టి చరచరా వెళ్ళిపోయింది.

అన్నం తిన్నాక ఇరవై నాలుగు తెచ్చాడు, హైస్కూలు ఆడపిల్లల సైకిళ్ళకుండేది. టైరు మోకాలి కిందే ఆగింది. బండల సందుల్ని టక్కుమంటూ దాటింది. కుదిరిందిరా అనుకున్నంతలో ఎడమపక్కకి పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ ఎడమకే. చక్రం విప్పి గోరు ఆనించి చూశాడు, వంకర లేదు. రేకులకి దారం పట్టి చూశాడు, రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. పొద్దు వాలేదాకా ఎక్కుతూనే ఉన్నాడు. మోచెయ్యి దోక్కుపోయింది. చివరికి షాపు మెట్టు మీద కూలబడ్డాడు.

"సైజు దొరకలేదురా బ్రహ్మయ్యా. నాకు రాసిపెట్టి లేదు," అన్నాడు. చక్రాన్ని గోడకి ఆనించేశాడు.

మధ్యాహ్నం నుంచీ స్టూలు మీద కూర్చుని చూడనట్టు నటిస్తున్న బ్రహ్మయ్య లేచాడు. తన సైకిలు తెచ్చి వెనక చక్రం అతని ముందు పెట్టాడు. ఎడమ స్టెప్పుకి పాత ట్యూబు ముక్క లావుగా చుట్టి ఉంది.

"ఇదెందుకు చుట్టాననుకున్నావు?"

"కాలు జారకుండా."

"జారకుండా అయితే కుడిపక్కన గూడా చుట్టొద్దంట్రా?"

ఖాదర్ వలి కుడి స్టెప్పు వంక చూశాడు. అది ఉత్త ఇనుము.

"నువ్వు ఎడంపక్కకి ఒరిగినప్పుడల్లా హ్యాండిలు నా చేతుల్లో లాగేది," అన్నాడు బ్రహ్మయ్య. "లాగడం ఆగేదాకా ఒక్కో చుట్టే చుట్టుకుంటా వచ్చా. సైజు సరిపోయిందిలేరా. ఎడం రేకు పైకెత్తు."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వంకర తియ్యడమే ఖాదర్ వలి బతుకు. ఒకటి పైకీ ఒకటి కిందికీ బిగించడానికి అతని చెయ్యి ఒప్పుకోదు. తన కాలు పొట్టిదని తెలిసీ రేకులు సమంగా కట్టాడంటే, పనిలో పడితే ఆ చేతులు ఒంటిని కూడా మర్చిపోతాయన్నమాట. ఎడమ రేకు రెండు వేళ్ళు పైకి జరిపి బిగించాడు. చూడటానికి వికారంగా ఉంది.

దీపాలు పెట్టే వేళ ఒక చెయ్యి గోడకీ ఒక చెయ్యి బ్రహ్మయ్య భుజానికీ ఆనించి ఎక్కాడు. ముందు గోడ వదిలాడు. భుజం వదలడానికి కాస్త ఆలస్యమైంది.

చక్రం కదిలింది. టక్కు, టక్కు, టక్కు. బండల సందులు కాళ్ళ కింద నుంచి వెనక్కి పోతున్నాయి. బిగుసుకున్న ఎడమ కాలు కర్ర పాతినట్టు నిలబడింది. వీధి పక్కన పునుగులు వేసే ఆరోగ్యమ్మ బాండీ ముందు జల్లిగరిటె ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. ఎదురుగా తలపాగా లేదు. వీధి మొత్తం కనిపించింది, చివర్లో తన ఇంటి పచ్చ తలుపుతో సహా. వెనక నుంచి "ఒరేయ్, గోడ పక్కకి రా, గోడ పక్కకి" అంటూ బ్రహ్మయ్య సైకిలు నడిపిస్తూ పరిగెత్తుకొస్తున్నాడు.

పల్లం అయిపోయిన చోట చక్రం దానంతటదే మెల్లబడింది. ఖాదర్ వలి కుడి కాలు దించి తన ఇంటి గోడని రెండు చేతులా వాటేసుకున్నాడు. జీనత్ నీళ్ళ బిందె గడపలో దించి, తిట్టడానికి నోరు తెరిచి, నవ్వేసింది.

"నవ్విన నాపచేనే పండిందే," అన్నాడు ఆమెతో. రొప్పుతూ వచ్చిన బ్రహ్మయ్య వైపు తిరిగి, "ముందర ఇంత గాలి ఉంటదంట్రా? ఎప్పుడూ చెప్పలేదేంది?" అని అడిగాడు.

"నువ్వడగలేదు గదరా," అన్నాడు బ్రహ్మయ్య. అతనికి చానా సంతోషంగా ఉంది. భుజాలు మాత్రం తేలిగ్గా, ఏదో పోగొట్టుకున్నట్టుగా ఉన్నాయి.

మర్నాడు ఖాదర్ వలి రేకులు విప్పేసి, చక్రాన్ని తిరిగి ఆడపిల్లల సైకిలుకి బిగించాడు. సాయంత్రం మామూలుగా వచ్చి స్టెప్పుల మీద నిలబడ్డాడు.

"నీ బండేదిరా?" అన్నాడు బ్రహ్మయ్య.

"చూశాగా. ఒక్కడే పోతే మాట్టాడేదానికి మనిషి లేడు. పద."

ఆ వానాకాలం ఖాదర్ వలికి కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, తర్వాత ఆస్పత్రిలో చేర్చారు. ఒక ముసురు పట్టిన పొద్దున అతను పోయాడు. జనాజా ఎత్తినప్పుడు బ్రహ్మయ్య ఒక భుజం పట్టాడు.

షాపులో చక్రాలు ఇప్పుడు ఎవరో ఒకరు తిప్పుతున్నారు. సాయంత్రం సైకిలు తీసి ఎక్కబోతూ బ్రహ్మయ్య ఒక కాలు నేల మీదే ఉంచి కాసేపు ఆగుతాడు, వెనక బరువు పడుతుందేమోనన్నట్టు. తర్వాత రాళ్ళవీధి దిగిపోతాడు. వెనక ఇరుసుకి ఎడమపక్కన, మడమ ఆనిన చోట నున్నగా అరిగి, ఆ నల్లటి ట్యూబు చుట్ట అట్లాగే ఉంది.